సీడీని ఒక్కసారే కాపీ చేద్దాం, కానీ పూర్తిగా

ఎమ్మెస్సీ రోజుల్లో నా దగ్గరున్న సీడీలన్నిటినీ 128 కేబీపీఎస్ ఎంపీ3లుగా మార్చేసి, డిస్కులు స్నేహితులకు పంచిపెట్టాను. హార్డ్ డిస్కులో చోటు మిగిలిందని సంబరపడ్డాను కూడా. ఇప్పుడు కోల్‌కతాలో, కాస్త మంచి హెడ్‌ఫోన్‌లో అవే కచేరీలు వింటుంటే, మృదంగం మీద దెబ్బ పడటానికి రవ్వంత ముందే ఏదో బుసలాంటి చప్పుడు. మళ్లీ కాపీ చేద్దామంటే డిస్కులు లేవు.

ఆ చప్పుడుకు కారణం ఉంది. ఎంపీ3 శబ్దాన్ని చిన్న చిన్న కాలఖండాలుగా కోసి, చెవి పట్టించుకోదనుకున్న వివరాలను వదిలేస్తుంది. అందువల్ల వచ్చే తేడా ఆ ఖండమంతటా పరుచుకుంటుంది. నిశ్శబ్దంలో ఒక్కసారిగా దరువు పడితే, తేడా దరువుకు ముందున్న నిశ్శబ్దంలోకీ పాకుతుంది. దీన్నే ప్రీ-ఎకో అంటారు. బిట్‌రేటు తగ్గేకొద్దీ ఇది ఎక్కువగా బయటపడుతుంది.

సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు, రెండు చానళ్లు. అంటే సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. 128 కేబీపీఎస్ అంటే అందులో పదకొండో వంతు. ఫ్లాక్ పద్ధతి వేరు. జిప్ ఫైలులా కుదిస్తుంది, విప్పితే ప్రతి బిట్టూ వెనక్కి వస్తుంది. గంట సంగీతం 635 ఎంబీ నుంచి సాధారణంగా సగానికి కాస్త అటూ ఇటూ దిగుతుంది. మూడు వందల డిస్కులకు వంద జీబీ పైచిలుకు చాలు. అన్నట్టు, ఫ్లాక్‌లో 0 నుంచి 8 వరకు కనిపించే అంకెలు నాణ్యతవి కావు. ఏది ఎంచుకున్నా ధ్వని ఒక్కటే. మారేవి ఫైలు సైజు, కుదించడానికి పట్టే సమయం మాత్రమే.

‘320 ఎంపీ3కీ సీడీకీ తేడా నీకు తెలుస్తుందా?’ అని అడుగుతారు. చాలా పాటల్లో నాకు తెలియదు, ఒప్పుకుంటాను. నా వాదన చెవి గురించి కాదు. రేపు ఇంకో ఫార్మాట్ వస్తే ఎంపీ3 నుంచి దానికి మార్చిన ప్రతిసారీ కొంత నష్టం మీద నష్టం చేరుతుంది. ఫ్లాక్ నుంచి ఎన్నిసార్లయినా కొత్తగా తీసుకోవచ్చు. ఫోనులోకి ఎంపీ3యో ఓపసో వేసుకోండి, అసలు ప్రతి మాత్రం ఫ్లాక్‌లో ఉండనివ్వండి.

దీనికి ఎదురు తప్పు కూడా చూస్తుంటాను: సీడీని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌కు ‘పెంచడం’. 1902లో గౌహర్ జాన్ గొంతు రికార్డయిన నగరం ఇది. ఇక్కడి జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో హిందుస్తానీ సంగీతపు పాత రికార్డులను, టేపులను డిజిటైజ్ చేసి భద్రపరిచారు. అలాంటి అనలాగ్ మూలాలకు కనీసం 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ ఉండాలని అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం సూచిస్తుంది, 96 కిలోహెర్ట్జ్ విస్తృతంగా వాడుకలో ఉంది. సీడీ అలా కాదు, అది అప్పటికే అంకెల రూపంలో ఉంది. లేని వివరం పుట్టదు, ఫైలు మాత్రం లావెక్కుతుంది.

ఫార్మాట్ కంటే పట్టించుకోవలసింది చదవడంలో తప్పులు. గీతలు మరీ ఎక్కువైతే ప్లేయర్ పోయిన నమూనాల స్థానంలో పక్కవాటిని బట్టి ఊహించి నింపుతుంది, మనకు చెప్పదు. అదే డిస్కును కాపీ చేసిన ఇతరుల ఫలితంతో సరిపోల్చే అక్యురేట్‌రిప్ సదుపాయమున్న సాఫ్ట్‌వేర్ వాడితే తప్పు దొరుకుతుంది. ఇంట్లో రాసుకున్న సీడీలకు పోల్చడానికి ఇతరుల ప్రతి ఉండదు కాబట్టి రెండుసార్లు చదివించి చూసుకోవాలి. వాటిలోని రంగుపొర మామూలు సీడీల కంటే త్వరగా చెడుతుంది, పైగా ఇక్కడి వానాకాలపు తేమ. ముందు వాటితోనే మొదలుపెట్టండి.

డిస్కుతో వచ్చిన చిన్న పుస్తకాన్నీ స్కాన్ చేసి అదే ఫోల్డరులో పెట్టండి. నా ఎంపీ3లలో ఆ మృదంగం వాయించింది ఎవరో నాకిప్పుడు తెలియదు. ఆ పేరు పుస్తకంలోనే ఉండేది.