రహదారి రావాలి, వక్ఫ్ మిగలాలి

2025 నవంబర్ 3 ఉదయం చేవెళ్ల సమీపంలోని మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది ప్రాణాలు కోల్పోయారు. మృతుల్లో చదువుల కోసం నగరానికి బయలుదేరిన విద్యార్థినులున్నారు, పసిబిడ్డ కూడా ఉంది. అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల రోడ్డు విస్తరణ ఏళ్ల తరబడి నిలిచిపోయినందుకు ఎంతటి మూల్యం చెల్లించామో ఆనాడు అందరికీ తెలిసివచ్చింది. కనుక ఒక మాట ముందే స్పష్టం చేయాలి. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి ప్రాంతాల ముస్లింలు రహదారులకు వ్యతిరేకులు కారు. ఆ రహదారి ఎవరి భూమి మీదుగా, ఏ పద్ధతిలో వస్తుందన్నదే మన ప్రశ్న.

ఇప్పుడు రెండు భారీ రహదారులు చర్చలో ఉన్నాయి. మొదటిది ప్రాంతీయ వలయ రహదారి దక్షిణ భాగం. చౌటుప్పల్ నుంచి ఆమన్‌గల్, షాద్‌నగర్, చేవెళ్ల, శంకర్‌పల్లి ప్రాంతాల మీదుగా సంగారెడ్డిని చేరుతుందని మొదటి నుంచి చెబుతూ వచ్చారు. రెండవది హైదరాబాద్ శివార్లలోని ఫ్యూచర్ సిటీ నుంచి బందరు ఓడరేవు వరకు ప్రతిపాదించిన ఎక్స్‌ప్రెస్ రహదారి. పారిశ్రామిక ప్రాంతాలను సముద్రంతో కలపడమే వీటి లక్ష్యం. ఇది కొత్త ఆలోచన కాదు. కుతుబ్‌షాహీల కాలంలోనే గోల్కొండ సరుకులు, హజ్ యాత్రికులు మచిలీపట్నం రేవు నుంచి ఎర్రసముద్రం వైపు సాగిపోయేవారు. ఆ బాట మన చరిత్రలో భాగమే.

కానీ నేటి రహదారికి నేటి చట్టం వర్తిస్తుంది. ఇటువంటి మార్గాలకు సాధారణంగా 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద భూమిని సేకరిస్తారు. వలయ రహదారి ఉత్తర భాగంలో జరిగినది అదే. సెక్షన్ 3ఏ ప్రకటన వెలువడిన నాటి నుంచి అభ్యంతరం చెప్పుకోవడానికి ఉన్న గడువు కేవలం 21 రోజులు. ఆపై సెక్షన్ 3డి ప్రకటన రాగానే భూమి కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడుతుంది. మిగిలేది పరిహారం గురించిన వాదన మాత్రమే. 2025 ఆగస్టు చివర హెచ్ఎండీఏ మార్గరేఖపై ప్రాథమిక ప్రకటన ఇచ్చి, సెప్టెంబర్ 15 వరకు అభ్యంతరాలు స్వీకరించింది. పట్టాదారు రైతులు పాసుపుస్తకాలతో కదిలారు. ఊరి ఖబరస్తాన్ తరఫున, ఆషూర్‌ఖానా తరఫున, దర్గా ఇనాం భూమి తరఫున కదలవలసినవారు ఎవరు?

వక్ఫ్ చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. సెక్షన్ 51 ప్రకారం ప్రజా ప్రయోజనం కోసం వక్ఫ్ భూమిని సేకరించాలన్నా బోర్డును సంప్రదించాలి. ప్రత్యామ్నాయ భూమి లేదని తేలాలి. మార్కెట్ విలువ గానీ, బదులు భూమి గానీ ఇవ్వాలి. బోర్డు వాదన వినకుండా చేసిన సేకరణ ఉత్తర్వును, బోర్డు నెలలోగా కోరితే రద్దు చేయాలని సెక్షన్ 91 పూర్వం చెప్పేది. 2025 సవరణ ఆ రక్షణను సడలించింది. ఇప్పుడు ఆ ఉత్తర్వు బోర్డు కోరిన భూభాగం మేరకు నిలిచి ఉంటుంది, అంతే. కలెక్టర్ నెలలోగా తిరిగి నిర్ణయం తీసుకుంటారు. అంటే ఆలస్యానికి చెల్లించవలసిన మూల్యం మరింత పెరిగింది.

పత్రాలలో చిన్న లోపం ఎంత నష్టం తెస్తుందో మన పొరుగునే ఉన్న మణికొండ చెబుతుంది. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు సంబంధించి 1989 గెజిట్‌లో నమోదైనది 5,506 చదరపు గజాలు మాత్రమే. 2006లో సవరణ ప్రకటన ద్వారా 1,654 ఎకరాలను చేర్చారు. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ సవరణను అంగీకరించలేదు, భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేనని తీర్పు చెప్పింది. తీర్పుతో మనం విభేదించవచ్చు. అయితే సకాలంలో సరిగా నమోదు కాని వక్ఫ్‌ను తరువాత నిలబెట్టడం ఎంత కష్టమో అది చూపిన పాఠాన్ని కాదనలేము.

భూమి లేనివారి సంగతి కూడా ఆలోచించాలి. మన పల్లెల్లో ఎందరో ముస్లిం కుటుంబాలు కౌలు సేద్యంతో, కూలితో, రోడ్డు పక్కన పంక్చరు దుకాణంతో, మెకానిక్ పనితో, పండ్ల బండితో బతుకుతున్నాయి. ఎక్స్‌ప్రెస్ రహదారి పక్కన దుకాణాలకు చోటుండదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సేకరణకు మూడేళ్ల ముందు నుంచి ఆ ప్రాంతంలో పనిచేస్తూ, ప్రధాన జీవనాధారం కోల్పోయే కౌలుదారులు, కూలీలు, చేతివృత్తులవారు సైతం బాధిత కుటుంబాలే. ఆ చట్టంలోని పునరావాస నిబంధనలు 2015 నుంచి జాతీయ రహదారులకూ వర్తిస్తున్నాయి. అడిగితేనే అవి అందుతాయి. అసైన్డ్ భూముల దళిత రైతులదీ ఇదే అవస్థ. వారితో కలసి అడగాలి.

ప్రభుత్వాన్ని మనం కోరవలసినవి మూడు. ప్రకటనకు ముందే మార్గరేఖలోని వక్ఫ్ సర్వే నంబర్లను బోర్డుకు అందజేయాలి. ఖబరస్తాన్‌లను తప్పించి రేఖను జరపాలి. ఊరికీ ఖబరస్తాన్‌కూ మధ్య రహదారి పడితే జనాజా వెళ్లడానికి అండర్‌పాస్ నిర్మించాలి. మైళ్ల కొద్దీ చుట్టు తిరిగి జనాజా మోయవలసిన దుస్థితి ఏ ఊరికీ రాకూడదు.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన వంతు పని కూడా ఉంది. ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి ముతవల్లీ ఈ నెలలోనే మున్తఖబ్, గెజిట్ ప్రతి, పాత పహాణీ సేకరించాలి. ఉమీద్ పోర్టల్‌లో, భూభారతిలో తమ ఆస్తి ఏ పేరుతో నమోదైందో సరిచూసుకోవాలి. హద్దులు కొలిపించి పటం గీయించాలి. లోపం కనిపిస్తే వెంటనే బోర్డుకు, కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోవాలి. ఇవన్నీ 21 రోజుల్లో అయ్యే పనులు కావు. ప్రకటన రాకముందే చేతిలో ఉండవలసిన కాగితాలివి.

వక్ఫ్ మన సొత్తు కాదు, పెద్దలు అల్లాహ్ పేరిట మనకు అప్పగించిన అమానత్. రేపు రహదారిపై మన పిల్లలు క్షేమంగా ప్రయాణించాలి. దాని పక్కనే మన పెద్దల సమాధులూ క్షేమంగా ఉండాలి. ఈ రెండింటినీ కోరే హక్కు మనకుంది. ఆ హక్కుకు సాక్ష్యంగా నిలిచే కాగితాన్ని భద్రపరిచే బాధ్యత కూడా మనదే.