ఫ్లోరెన్సులో మూడు రోజులు

పోయిన సంచికలో ఖాతాలకు నామినీ పేరు రాయించుకోవడం గురించి రాశాను. అది చదివి ఫోన్లు చేసిన పాఠకులందరికీ కృతజ్ఞతలు. ఈసారి లెక్కల జోలికి పోనని మాట ఇస్తున్నాను. బ్యాంకువాడి మాట కనుక షరతులు వర్తిస్తాయి.

మా అమ్మాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. 2023 అక్టోబరులో మేమిద్దరం దాని దగ్గరికి వెళ్ళాం. దానికి సెలవు దొరకలేదు. "మీరిద్దరే ఎక్కడికైనా వెళ్ళి రండి నాన్నా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తిరుపతి, ధర్మస్థల తప్ప అమ్మను ఎక్కడికి తీసుకెళ్ళావు?" అని నిలదీసి, ఇటలీలోని ఫ్లోరెన్సుకు టిక్కెట్లు కొని ఫోనులో పెట్టింది. ఫ్లోరెన్సే ఎందుకంటే, అది నా కోరిక. బి.కాం. రోజుల నుంచి బ్యాంకింగుకు పుట్టిల్లుగా ఆ ఊరి పేరు వింటూ వచ్చినవాణ్ణి. మా ఆవిడ అభ్యంతరం చెప్పలేదు. సూట్‌కేసులో సగం తన బట్టలకూ, సగం షోలాపూరు పల్లీ కారానికీ కేటాయించింది. నా చొక్కాలు చేతిసంచిలో వచ్చాయి.

షోలాపూరు ఆవిడ పుట్టిల్లు. వాళ్ళ తాతగారు కరీంనగరు వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి అక్కడే స్థిరపడ్డారు. నేను బళ్ళారివాణ్ణి. అంటే ఇద్దరం తెలుగువాళ్ళమే కానీ ఇద్దరి ఇళ్ళూ తెలుగునాట లేవు.

బొలోన్యాలో బండి మారి ఫ్లోరెన్సులో దిగాం. తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అంటారని మనమందరం చిన్నప్పుడు బడిలో విన్నదే. అక్కడ బోర్డులు చదువుతుంటే మా ఆవిడకు నవ్వాగలేదు. "మనం బ్యాంకు అంటాం, వీళ్ళు బాంకా అంటున్నారు. మాటను హల్లుతో ఆపడం ఇద్దరికీ చేతకాదండీ" అంది. ఇంకో చుట్టరికం కూడా ఉంది. 15వ శతాబ్దంలో మా బళ్ళారి పక్కనున్న విజయనగరాన్ని చూసి వెళ్ళిన ఇటలీ వర్తకుడు నికోలో కొంతి చెప్పిన సంగతులను రాసిపెట్టిన పోజ్జో బ్రాచ్చొలీని, 1453లో ఈ ఫ్లోరెన్సుకే ప్రభుత్వ కార్యదర్శి అయ్యాడు.

మొదటి రోజు పెద్ద చర్చి చూశాం. 1296లో మొదలుపెట్టారు. గోడలు లేచినా, అంత వెడల్పు మీద గుమ్మటం ఎలా నిలపాలో తెలియక చాలాకాలం పైన ఖాళీగానే వదిలేశారు. చివరికి బ్రునెల్లెస్కీ అనే ఆయన, కింద నుంచి కర్రల ఆధారం కట్టకుండానే 1420 నుంచి 1436 వరకు 40 లక్షలకు పైగా ఇటుకలతో దాన్ని లేపాడు. పైకి 463 మెట్లు. లిఫ్టు లేదు. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పి, నాకు రక్తపోటు. ఒకరి కోసం ఒకరు ఆగుతూ ఎక్కాం. నిజానికి అది ఒక గుమ్మటం కాదు, ఒకదాని మీద ఒకటి బోర్లించిన రెండు గుమ్మటాలు. మెట్లు ఆ రెంటి మధ్య ఇరుకు సందులో సాగుతాయి. దాని ఇటుకలను చేపముల్లు వరసలో, ఏటవాలుగా ఒకదానికొకటి పట్టు ఇచ్చేలా పేర్చారని నేను గైడు పుస్తకం చూసి చదువుతుంటే, మా ఆవిడ గోడ మీద చెయ్యి వేసి, "దీనికి పుస్తకం ఎందుకండీ, నేత కదా! మా నాన్న దుప్పట్లలో వేసేవాడు" అంది. కిందికి వచ్చాక తక్కిన పేజీలు చదివాను. ఆ చర్చి కట్టించే బాధ్యత ఉన్ని వర్తకుల సంఘానిది. నేతగాళ్ళ బిడ్డకు తెలిసింది బ్యాంకువాడికి తెలియలేదు.

అక్కడి రొట్టెలో ఉప్పు వెయ్యరు. అది ఆ ప్రాంతపు ఆచారం. రాత్రి దానికి పల్లీ కారం తోడయ్యాక గానీ భోజనం చేసినట్టనిపించలేదు.

రెండో రోజు నాది. 1252లో ఈ ఊరు కొట్టించిన బంగారు నాణెం ఫియొరీనో. ఒకవైపు లిల్లీ పువ్వు, మరోవైపు సెయింట్ జాన్ బొమ్మ, సుమారు మూడున్నర గ్రాముల మేలిమి బంగారం. యూరపు అంతటా దాన్ని నమ్మారు. బ్యాంకు అనే మాటే ఇటాలియన్ వాళ్ళ బల్ల నుంచి పుట్టింది. డబ్బు మార్చేవాడు బల్ల వేసుకుని కూర్చునేవాడు. దివాలా తీస్తే 'బల్ల విరిగింది' అనేవారు. 1340ల్లో ఇక్కడి బార్దీ, పెరుజ్జీ అనే రెండు పెద్ద సంస్థలు కూలిపోయాయి. ఇంగ్లాండు రాజు మూడో ఎడ్వర్డుకు ఇచ్చిన అప్పులు రాకపోవడం అందుకు ఒక కారణం. పెద్ద ఖాతాదారును కాదనలేకపోవడం ఈనాటి జబ్బు కాదన్నమాట! 1397లో మొదలైన మెదీచీ వారి బ్యాంకు కూడా వందేళ్ళు నిండకుండానే 1494లో మూతపడింది. అయితే ఆ వంశపు చివరి ఆడపడుచు అన్నా మారియా లుయీజా 1737లో ఒక ఒప్పందం రాయించింది. తమ ఇంటి చిత్రాలు, శిల్పాలు అన్నీ ప్రభుత్వానికి ఇచ్చేస్తున్నామనీ, వాటిలో ఒక్కటి కూడా ఊరు దాటకూడదనీ షరతు. ఉఫీజీ మ్యూజియంలో బొత్తిచెల్లీ గీసిన వీనస్ ముందు ఈనాడు మనం నిలబడగలుగుతున్నామంటే ఆ షరతు చలవ కూడా ఉంది. బ్యాంకు పోయింది, బొమ్మలు మిగిలాయి.

సాయంత్రం 1345 నాటి పాత వంతెన మీద బంగారు కొట్లు చూస్తూ నిలబడ్డాం. 1944లో జర్మన్లు వెనక్కి మళ్ళుతూ ఊళ్ళోని ఆర్నో నది వంతెనలన్నీ పేల్చేసి, ఇదొక్కటే వదిలారట. నేను మరునాటి కార్యక్రమం చెబుతున్నాను. ఉదయం మైకెలాంజెలో డేవిడ్ శిల్పం, మధ్యాహ్నం ఇంకో మ్యూజియం. మా ఆవిడ నది వైపు చూస్తూ, "రేపు నన్ను ఇండియానోకు తీసుకెళ్ళండి" అంది. ఆ మూడు రోజుల్లో తనంతట తాను అడిగింది అదొక్కటే.

ఆవిడ డిగ్రీ కొల్హాపూరులో చదివింది. ఆ సంస్థానపు యువరాజు కథ అక్కడి పంతులమ్మ ఒకావిడ చెప్పగా విన్నదట. 1850లో పుట్టిన రాజారాం మహారాజు 1870లో ఇంగ్లాండు వెళ్ళి విక్టోరియా రాణిని చూసి తిరిగి వస్తూ దారిలో జబ్బుపడ్డాడు. నవంబరు 30న ఫ్లోరెన్సులో చనిపోయాడు. ఇరవై ఏళ్ళవాడు. అప్పట్లో ఫ్లోరెన్సు ఇటలీకి రాజధాని. శవాన్ని దహనం చేయడం అక్కడి ఆచారం కాదు. అయినా ఊరివాళ్ళు అనుమతి ఇచ్చారు. మనవాళ్ళకు రెండు నదులు కలిసేచోటు కావాలంటే, ఆర్నోలో మున్యోనే అనే చిన్న ఏరు కలిసే ఒడ్డు చూపించారు. అక్కడే రాత్రివేళ చితి పేర్చారు. 1874లో అక్కడ మన దేశపు పద్ధతిలో ఒక ఛత్రి వెలిసింది. దాని కింద తలపాగాతో, రంగులు వేసిన అర్ధవిగ్రహం. చెక్కినవాడు ఫుల్లర్ అనే ఇంగ్లీషు శిల్పి. ఆ చోటునే ఊరివాళ్ళు ఇండియానో అంటారు. 1978లో దగ్గరలో కట్టిన పెద్ద వంతెనకూ ఆ పేరే పెట్టారు.

ట్రాము దిగి, కాషీనె అనే పార్కులో చెట్ల కింద సుమారు మూడు కిలోమీటర్లు నడిచాం. ఒకటి రెండు సైకిళ్ళు తప్ప జనం లేరు. మా ఆవిడ ఛత్రి ముందు చెప్పులు విడిచింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళమ్మకు ఈ కబురు ఎన్నాళ్ళకు చేరిందో" అంది. ఇంకాసేపటికి, "అమ్మనూ ఇలాగే ఎవరో చూసుకున్నారు కదండీ" అంది.

ఇక్కడ నేనొక విషయం చెప్పాలి. 2021 మే నెలలో మా అత్తగారు షోలాపూరు ఆసుపత్రిలో కరోనాతో పోయారు. మా బావమరిది అదే జబ్బుతో ఇంకో ఆసుపత్రిలో ఉన్నాడు. నేను రోజూ బ్యాంకుకు వెళుతున్నాను. మా ఆవిడ చీరలు సర్దుకుని, కారు మాట్లాడమంది. దారిలో ఆపుతారని, జబ్బు తగులుతుందని, నేను చెప్పిన కారణాలన్నీ సరైనవే. కానీ వాటి చివర ఇంకో మాట అన్నాను. "ఇప్పుడు నువ్వు వెళ్ళి చేసేదేముంది?" ఆవిడ సర్దిన చీరలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. దహనం మునిసిపాలిటీ మనుషులు చేశారు. ఆ రోజు గురించి మా ఇంట్లో మళ్ళీ మాట రాలేదు. అదే పెద్ద మనసనుకున్నాను.

ఆర్నో ఒడ్డున ఆ మాట నాకు గుర్తొచ్చింది. "ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను. ఆవిడ "ఊఁ" అంది. క్షమించానని అనలేదు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని నడిచింది. అది మోకాళ్ళ నొప్పి వల్లనే కావచ్చు.

డేవిడ్‌ను చూడలేదు. సాయంత్రం సాన్ లొరెంజో బజారులో ఆవిడ మగవాళ్ళు కట్టుకునే ఉన్ని మఫ్లరు ఒకటి బేరమాడి కొంది. నాకు కాదని అప్పుడే చెప్పేసింది.

వెళ్ళాలనుకునే పాఠకులకు రెండు మాటలు. ఉఫీజీ, డేవిడ్ ఉన్న అకాదెమియా సోమవారం మూసి ఉంటాయి. గుమ్మటం ఎక్కాలంటే టిక్కెట్టు ముందుగా తీసుకోవాలి. ఇండియానోకు టిక్కెట్టు లేదు. మంచినీళ్ళు తీసుకెళ్ళండి.

2024 జనవరిలో షోలాపూరు వెళ్ళాం. బావమరిది నాలుగుచోట్ల వాకబు చేసి, ఆ నెలలో శ్మశానంలో పనిచేసిన కుర్రవాణ్ణి పట్టుకున్నాడు. పాతికేళ్ళుంటాయి, తెలుగు కుర్రవాడే. మా ఆవిడ వాళ్ళమ్మ పేరు చెప్పి, గుర్తుందా అని అడిగింది.

"లేదక్కా. ఆ నెలలో ఎంతమందో. కానీ కాగితం మీద పేరు చూసి, ఒకసారి పైకి చదివి నిప్పు పెట్టేవాణ్ణి. మీ అమ్మ పేరూ చదివే ఉంటాను" అన్నాడు.

ఆవిడ మఫ్లరు అతని చేతిలో పెట్టింది. ఏ దేశానిది అని అడిగాడు. చెప్పింది. అక్కడ చలి ఎక్కువా అని అడిగాడు. పెద్ద చలి లేదని చెబుతూ ఏడ్చింది. ఆ రెండున్నరేళ్ళలో తల్లి కోసం ఆవిడ ఏడవగా నేను చూడడం అదే మొదటిసారి.

వచ్చే సంచికలో లాకరు నియమాల గురించి రాస్తాను.