మన వేగానికి మనమే సాక్షులం

మన గురించి మనమే సాక్ష్యం చెప్పుకోవలసిన సందర్భాలు జీవితంలో ఎన్నో వస్తుంటాయి. దరఖాస్తులో వయసు రాస్తాం, రాబడి రాస్తాం, అనుభవం రాస్తాం. కొన్నింటికి ధ్రువపత్రం అడుగుతారు. కొన్నింటికి అడగరు, మన మాటనే నమ్ముతారు. అలా అడగని చోటే మనిషి నిజాయితీ బయటపడుతుంది. ఉర్దూలో సాక్ష్యాన్ని గవాహీ అంటాం. ఇతరుల విషయంలో అబద్ధపు గవాహీ ఇవ్వడం తప్పని అందరూ ఒప్పుకుంటారు. తన గురించి తాను ఇచ్చే గవాహీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, 'ఇందులో ఎవరికేం నష్టం?' అని సర్దిచెప్పుకుంటారు. ఆ సర్దుబాటు ఎవరి మీద బరువు మోపుతుందో తెలుసుకోవడానికి ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. అది పెద్దల ఈత పోటీల్లో 'సీడ్ టైమ్' అని పిలిచే ఒక అంకె.

ఈత పోటీలు అనగానే మనకు పడుచు పిల్లలు, ఒలింపిక్ పతకాలు గుర్తుకొస్తాయి. కానీ ఉద్యోగాలు, సంసారాలు చేసుకుంటూ ఆరోగ్యం కోసం, ఉల్లాసం కోసం ఈదే పెద్దలకూ వేరుగా పోటీలున్నాయి. వీటిని మాస్టర్స్ పోటీలంటారు. 1970 మే నెలలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం అమరిల్లోలో వీటిలో మొదటి జాతీయ స్థాయి పోటీ జరిగింది. దాని వెనుక ఉన్నవారిలో ముఖ్యుడు రాన్సమ్ ఆర్థర్ అనే నౌకాదళ వైద్యుడు. ముందు ఒక పోటీ ఉందంటే వయసు మళ్ళినవారు కూడా వ్యాయామం మానకుండా సాగిస్తారన్నది ఆయన ఆలోచన. 1986లో టోక్యోలో మొదటి ప్రపంచ మాస్టర్స్ పోటీలు జరిగాయి. 2024లో దోహాలో, 2025లో సింగపూర్‌లో ఈ ప్రపంచ పోటీలు జరిగాయి. అమెరికా సంఘంలో 18 ఏళ్ళు నిండినవారు, ప్రపంచ పోటీల్లో 25 ఏళ్ళు నిండినవారు పాల్గొనవచ్చు. ఎనభై, తొంభై ఏళ్ళవారు కూడా నీళ్ళలోకి దిగుతారు. మన దేశంలోనూ జాతీయ స్థాయిలో మాస్టర్స్ పోటీలు జరుగుతున్నాయి.

ఈ పోటీలకు పేరు ఇచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ తాము ఈదబోయే దూరానికి ఎంత సమయం పడుతుందో రాయాలి. అదే సీడ్ టైమ్. నిర్వాహకులు ఆ అంకెలను వరుసలో పేర్చి, దగ్గర దగ్గర వేగం ఉన్నవారిని ఒక జట్టుగా చేస్తారు. ఆ జట్టును హీట్ అంటారు. చాలా పోటీల్లో నెమ్మదిగా ఈదేవారి హీట్ ముందు, వేగంగా ఈదేవారి హీట్ చివర వస్తుంది. ఎనిమిది లేన్లున్న కొలనులో అందరికంటే తక్కువ సమయం రాసినవారికి నాలుగో లేన్, తర్వాతి వారికి ఐదు, మూడు, ఆరు, ఇలా మధ్య నుంచి అంచులకు ఇచ్చుకుంటూ పోతారు. మాస్టర్స్ పోటీల్లో సాధారణంగా ప్రాథమిక పోటీ, తుది పోటీ అని రెండు సార్లు ఈదించరు. ఒక్కసారే ఈత. అన్ని హీట్‌లూ అయ్యాక గడియారం చూపిన సమయాన్ని బట్టి వయోవర్గాల వారీగా స్థానాలు నిర్ణయిస్తారు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సీడ్ టైమ్‌కు రుజువు అడిగే పోటీలు తక్కువ. రాసినదానికంటే వేగంగా ఈదినా, నెమ్మదిగా ఈదినా సాధారణ పోటీల్లో శిక్ష ఉండదు. దీన్ని ఆసరాగా చేసుకుని కొందరు కావాలనే తప్పు అంకె వేస్తారు. కొందరు ఉన్నదానికంటే నెమ్మదిగా రాస్తారు. ముందు హీట్‌లో ఈదేసి తర్వాతి అంశానికి విశ్రాంతి దొరకాలని కొందరి లెక్క. తమకంటే నిదానస్తుల మధ్య అందరికంటే ముందు గోడ తాకాలని కొందరి సరదా. మరికొందరు ఉన్నదానికంటే వేగంగా రాస్తారు. మధ్య లేన్ దక్కాలని, చురుకైన ఈతగాళ్ళ పక్కన ఉంటే తామూ వేగం పుంజుకుంటామని, లేదా చివరి హీట్‌లో పేరు కనిపిస్తే గొప్పగా ఉంటుందని వారి ఆశ. మొదటిది గడుసుతనం, రెండోది డాబు. దారులు వేరైనా రెండూ చేరేది ఒక్క చోటికే. ఇద్దరూ తమ గురించి తాము అబద్ధపు గవాహీ ఇచ్చారు.

దీనివల్ల ఎవరికి నష్టమో లెక్క వేసి చూద్దాం. 1500 మీటర్ల ఈత ఉంది. 50 మీటర్ల కొలనులో ముప్ఫై సార్లు ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. 36 నిమిషాలు పట్టే మనిషి 26 అని రాశాడనుకోండి. 26 నిమిషాల వారి హీట్‌లో ఆయన్ని వేస్తారు. మిగిలిన ఏడుగురూ ముగించాక ఆయన ఇంకా పది నిమిషాలు ఈదుతూనే ఉంటాడు. ఆయన గోడ తాకేదాకా తర్వాతి హీట్‌కు ఈల వేయడానికి వీల్లేదు. ఇలాంటివారు మూడు హీట్‌లలో ఒక్కొక్కరు ఉంటే చాలు, అరగంట హరించుకుపోతుంది. అప్పటికే ఒళ్ళు కదిలించి, కండరాలు వేడి చేసుకుని గట్టున నిలబడ్డ డెబ్బై ఏళ్ళ మనిషి మళ్ళీ చల్లబడిపోతాడు. ఉదయం నుంచి స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డ వాలంటీర్ల కాళ్ళు పీకుతాయి. వారిలో చాలామంది జీతం లేకుండా వచ్చినవారు. అద్దెకు తీసుకున్న కొలనును సాయంత్రానికి ఖాళీ చేయాలి. ఒక్క గడిలో ఒక్క అంకె మారితే ఇంతమంది సమయం పోతుంది. ఇతరుల సమయం కూడా మన చేతిలో అమానత్ అని ఎందరు తలుస్తున్నారు?

'స్థానాలు గడియారం చూసి ఇస్తారు గానీ హీట్ చూసి ఇవ్వరు కదా! మరి నేను ఏ హీట్‌లో ఈదితే ఏమిటి?' అని వాదించేవారున్నారు. పైకి చూస్తే ఇది సబబుగానే కనిపిస్తుంది. కానీ పతకం అందుకునేవారు ప్రతి వర్గంలోనూ కొద్దిమందే. మిగతావారికి ఆ రోజు దక్కేదేమిటి? తమంత వేగమున్న మనిషి పక్క లేన్‌లో ఉండడం. చివరి పాతిక మీటర్లలో అతని చేయి, తమ చేయి ఒకేసారి లేవడం. అర సెకను తేడాతో గెలవడమో ఓడడమో. వారి పోటీ అంతా ఆ హీట్‌లోనే ఉంది. నెమ్మదిగా ఈదేవారి మధ్యకు ఒక వేగస్తుడు మారు లెక్కతో వచ్చి పడితే, ఏడుగురికి దక్కవలసిన ఆ పోటీ చెడిపోతుంది. అతను ఉండవలసిన హీట్‌లోనూ ఒకరికి సమ ఉజ్జీ లేకుండా పోతాడు. పోయింది పతకం కాదు గనుక నష్టం కనిపించదు. అయినా అది తోటివారి హక్కే. కనిపించని హక్కును కాజేయడం తేలిక, అందుకే దాని విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

అలాగని అంకె తప్పిన ప్రతివారినీ మోసగాళ్ళనడం న్యాయం కాదు. మొదటిసారి పోటీకి వచ్చినవారికి తమ వేగం తమకే తెలియదు. జబ్బు చేసి లేచినవారు, శస్త్రచికిత్స తర్వాత నీళ్ళలో దిగినవారు, కాన్పు తర్వాత మళ్ళీ సాధన మొదలుపెట్టిన స్త్రీలు సరిగ్గా చెప్పలేరు. బాగా సాధన చేసి, అనుకున్నదానికంటే పది సెకన్లు ముందుగా ముగించినవారిని అభినందించాలే గానీ అనుమానించకూడదు. ఇక్కడ చూడవలసింది నియ్యత్, అంటే మనసులోని ఉద్దేశం. తెలియక తప్పడం వేరు, తెలిసి తప్పించడం వేరు.

కొలను కొలతల వల్ల వచ్చే పొరపాట్లు మరో రకం. అమెరికాలో 25 గజాల కొలనులు ఎక్కువ. ఇతర దేశాల్లో 25 మీటర్లవి, 50 మీటర్లవి. నూరు గజాలంటే 91.44 మీటర్లే. నూరు గజాలను 70 సెకన్లలో ఈదేవారు అదే వేగంతో నూరు మీటర్లు ఈదితే, దూరం లెక్కనే చూసినా 76.5 సెకన్లు దాటుతుంది. 50 మీటర్ల కొలనులో గోడను తన్ని ముందుకు దూసుకుపోయే మలుపులు తక్కువ గనుక సాధారణంగా మరికొంత ఎక్కువే పడుతుంది. గజాల సమయాన్ని మీటర్ల పోటీలో అలాగే రాసేస్తే అది అబద్ధం కాకపోవచ్చు, నిజం మాత్రం కాదు. తూకం రాయి మార్చినప్పుడు ధర కూడా మార్చుకోవాలన్నది మన సంతల్లో చదువురాని వ్యాపారికి కూడా తెలిసిన సంగతే.

అన్నిటికంటే సున్నితమైనది పాత రోజుల సమయం. నలభై ఏళ్ళప్పుడు సాధించిన సమయాన్ని యాభై అయిదేళ్ళ వయసులోనూ రాసుకునేవారున్నారు. అడిగితే, 'నేను ఈదిన సమయమే కదా, కల్పించలేదు కదా' అంటారు. ఒకప్పుడు అది నిజమే. ఇవాళ్టి నిజం అది కాదు. వయసును ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. కానీ వయసును కాదని పారిపోవడానికి కాదు, వయసుతో పాటు బలాన్ని నిలబెట్టుకోవడానికే ఈ పోటీలు పుట్టాయి. ఐదేళ్ళకొక వర్గం పెట్టింది కూడా అందుకే. అంత మర్యాదగా చోటు చూపించిన పోటీలో పాత అంకె చాటున దాక్కోవడం దేనికి?

కొందరు ఏ అంకె వేయాలో తోచక 'నో టైమ్' అని రాసి ఊరుకుంటారు. అది వినయంలా కనిపిస్తుంది గానీ, వారికి తెలిసిన కాస్త సమాచారాన్ని కూడా నిర్వాహకులకు ఇవ్వకపోవడమే అవుతుంది. అలా రాసినవారిని సాధారణంగా నెమ్మదివారి హీట్‌లో వేస్తారు. తీరా చూస్తే వారు వేగస్తులై ఉండవచ్చు. ఇంత దూరానికి సుమారు ఇంత అని నిజాయితీగా వేసిన అంచనా ఖాళీ గడి కంటే మేలు.

మరి చేయవలసిందేమిటి? ప్రతి అంకెకూ రుజువు అడిగి, తప్పినవారికల్లా శిక్ష వేయాలని మేము అనడం లేదు. అలా చేస్తే భయపడి వెనక్కి తగ్గేది కొత్తవారు, వృద్ధులు. గడుసువారు ఎలాగూ మరో దారి వెతుక్కుంటారు. దానికి బదులు ఈదేవారు మూడు పనులు చేయాలి. గత ఏడాది రెండేళ్ళలో ఈదిన సమయాన్నే రాయాలి. పోటీ లేకపోతే సాధనలో గడియారం పెట్టుకుని ఒకసారి ఈది, అందులో వచ్చినదాన్ని రాయాలి. కొలను కొలత మారితే లెక్క మార్చి రాయాలి. నిర్వాహకులు కూడా దరఖాస్తు పత్రంలో 'ఈ అంకె ఎందుకు అడుగుతున్నాం' అని రెండు వాక్యాలు రాయాలి. అమెరికా మాస్టర్స్ సంఘం పోటీల ఫలితాలను అందరూ చూసేలా భద్రపరుస్తోంది. అలాంటి చోట, పదే పదే పెద్ద తేడా వస్తున్నవారిని పక్కకు పిలిచి మర్యాదగా అడగవచ్చు. నలుగురిలో పరువు తీయనక్కరలేదు. పెద్దవారికి ఒక్క మాట చాలు.

ఇంత చిన్న విషయానికి ఇంత చర్చ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. చిన్న విషయం కాబట్టే చర్చ అవసరం. పెద్ద అబద్ధానికి కాపలా ఉంటుంది, చట్టం ఉంటుంది, పోలీసు ఉంటాడు. చిన్న అబద్ధానికి కాపలా మన మనస్సాక్షి ఒక్కటే. ఈతలో గడియారం ఎవరినీ మొహమాటపెట్టదు, ఎవరి హోదానూ చూడదు. గోడ తాకిన క్షణాన ఉన్నదున్నట్టు చెబుతుంది. అది చెప్పబోయే మాటకు వీలైనంత దగ్గరగా ముందే మనం చెప్పగలిగితే చాలు. పత్రంలోని ఆ గడిలో మన ఆశను రాయకూడదు, మన భయాన్నీ రాయకూడదు. ఇవాళ మన చేతులు, మన ఊపిరి ఎంత మోయగలవో అంతే రాయాలి. పక్క లేన్‌లో ఈదే మనిషికి మనం ఇవ్వగల మొదటి మర్యాద అదే.