చుట్కీకి న్యాయం సరే, మరి కాలియాకి?

2020 జూన్. లాక్‌డౌన్‌లో హన్మకొండ ఇంట్లో కూర్చుని ఫోన్ స్క్రోల్ చేస్తుంటే ట్విట్టర్ నిండా ఒకటే గోల, 'జస్టిస్ ఫర్ చుట్కీ' అని. ఇన్నేళ్లు లడ్డూలు పెట్టిన చుట్కీని వదిలేసి ఛోటా భీమ్ రాకుమారి ఇందుమతిని పెళ్లి చేసుకున్నాడట! ఉద్యోగాల భయం కూడా మర్చిపోయి జనం భీమ్‌ని తిట్టుడే తిట్టుడు. చివరికి హైదరాబాద్‌లో ఆ సీరియల్ తీసే గ్రీన్ గోల్డ్ వాళ్లే, వాళ్లింకా పిల్లలు, పెళ్లీ లేదు ఏమీ లేదు అని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. నిజమే కదా, భీమ్ వయసు తొమ్మిదేళ్లు. 2008లో పోగోలో మొదలైనప్పుడు నా వయసూ దాదాపు అంతే. నేను పెరిగా, వాడు పెరగలేదు.

నవ్వుకున్నా గానీ, ఒక డౌటు మాత్రం అప్పటి నుంచి పోలేదు. చుట్కీకి న్యాయం అడిగినోళ్లు కాలియాకి ఎందుకు అడగలేదు?

ఆలోచించండి, ఇద్దరి కథా ఒకటే. ఇద్దరి చూపూ ఎప్పుడూ భీమ్ మీదే. టున్‌టున్ మౌసీ చేసిన లడ్డూ చుట్కీ తెచ్చి పెడితే అది ప్రేమ. అదే లడ్డూ కోసం కాలియా చెయ్యి చాపితే పోటీ. చుట్కీ భీమ్ పక్కన నిలబడి చూస్తుంది, కాలియా ఎదురుగా నిలబడి చూస్తాడు, అంతే తేడా. వెనకాల ధోలు, భోలు ఎంత పొగిడినా వాడికి ఆనదు. భీమ్‌ని ఓడించి, భీమ్ చేత ఔననిపించుకోవాలి. ఢోలక్‌పూర్‌కి ఆపదొస్తే మళ్లీ వాడూ భీమ్ వెనకే బయల్దేరతాడు.

అసలు భీముడి కథలోనూ ఇంతే. చిన్నప్పుడు దుర్యోధనుడు విషం కలిపింది తిండిలోనే. ఇక హిడింబి సంగతి చూడండి. మనిషి వాసన పట్టిన హిడింబాసురుడు, చంపి తెమ్మని చెల్లెల్ని పంపాడు. ఆమె భోజనం కోసం వెళ్లి మొగుణ్ని చూసుకుంది! చెల్లెలితో ప్రేమ, అన్నతో యుద్ధం, రెండూ ఒకే రాత్రి, ఒకే ఇంటి నుంచి. వాళ్ల కొడుకు ఘటోత్కచుడు 1957 'మాయాబజార్‌'లో లడ్డూలు మింగడం మాత్రం యాదృచ్ఛికమే అనుకుందాం.

నా సంగతీ చెప్తా. బీటెక్‌లో నాకో కాలియా ఉండేవాడు. వాడి లెక్కలో నేనే కాలియా అనుకోండి. మార్కులొస్తే ముందు వాడివి చూసి, తర్వాత నావి చూసుకునేవాణ్ని. అప్పట్లోనే ఒకమ్మాయి వాట్సాప్ లాస్ట్ సీన్ కూడా గట్లనే చూసేది. అదే వేలు, అదే గుండెదడ. ఆ అమ్మాయి పెళ్లి ఫొటోలు వచ్చినప్పుడు ఫ్రెండ్స్ బిర్యానీ తినిపించి ఓదార్చారు. రెండు వారాల్లో తేరుకున్నా. వాడు విదేశం పోయి అకౌంట్లన్నీ మూసేసినప్పుడు మాత్రం ఆఫీసులో నెలల పాటు ఏ పనీ సరిగ్గా ఎక్కలేదు. ఎవరికి చెప్పుకోవాలి? ఏమని చెప్పుకోవాలి? పోటీ పోయిందంటే ఎవరు బిర్యానీ తినిపిస్తారు?

మొన్న కాజీపేట స్టేషన్‌లో కనిపించాడు. సెలవు మీద వచ్చాడట. హలో కూడా లేదు, "ఏంరా, ఇప్పుడెంత ప్యాకేజీ?" అన్నాడు.

మస్తు సంతోషమైంది. రెండు లక్షలు ఎక్కువ చెప్పా.