గ్రాట్యుటీ తీయించేవారికి ఒక మాట

డాలస్ నుంచీ హ్యూస్టన్ నుంచీ నాలుగైదు కుటుంబాలు కలిసి గాల్వెస్టన్ రేవులో క్రూజ్ ఎక్కడం మన తెలుగువాళ్లలో మామూలైపోయింది. బయల్దేరే ముందు వాట్సాప్ గ్రూపులో తిరిగే సలహాలూ మామూలైపోయాయి. పార్కింగ్ ఎక్కడ చవక, ఆవకాయ సీసా లోపలికి పోనిస్తారా, వైఫై ఒకరి పేరున కొని నలుగురూ ఎలా వాడుకోవాలి లాంటివి. వాటి మధ్యలో ఎవరో ఒక అన్నయ్య తప్పకుండా ఈ సందేశం కూడా పెడతాడు: "చివరి రాత్రి గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కి వెళ్లి ఆటో గ్రాట్యుటీ తీయించేయండి. అదంతా కంపెనీ తినేస్తుంది. మనకి బాగా చేసినవాళ్లకి మనమే చేతికిద్దాం." దాని కింద బొటనవేళ్లు, దండాలు వరసగా పడతాయి.

ఆ అన్నయ్య చెడ్డవాడేం కాదు. పనిమనిషికి పండక్కి చీర పెట్టే ఇంట్లోంచే వచ్చాడు. టిప్పు అంటే పని మెచ్చి ఇచ్చేది, ఎవరికివ్వాలి, ఎంతివ్వాలి, అసలివ్వాలా వద్దా అన్నది ఇచ్చేవాడి ఇష్టం అని అతని లెక్క. ఊళ్లో హోటల్‌కి ఆ లెక్క సరిపోతుంది. ఓడకి సరిపోదు. అక్కడ మన ఖాతాలో రోజూ పడే గ్రాట్యుటీ పనివాళ్ల జీతంలో ముక్క. టికెట్టు చవగ్గా కనిపించాలని కంపెనీ దాన్ని టికెట్టులోంచి ఊడదీసి పక్కన పెట్టింది. చివరి రాత్రి మనం కౌంటర్ దగ్గర నిలబడి తీయించేది ఆ ముక్కనే.

ఎంతవుతుందో చూద్దాం. రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ 2025లో మామూలు గదులకి దీన్ని మనిషికి రోజుకు 18.50 డాలర్ల చొప్పున వేసింది. నలుగురున్న కుటుంబం ఏడు రాత్రులు వెళ్తే 518 డాలర్లు. రూపాయల్లోకి మార్చుకుంటే 40 వేల పైమాటే. పిల్లాడు నాలుగు బజ్జీల్లాంటి చికెన్ ముక్కలు తిని నిద్రపోయినా వాడికీ అదే రేటు. బార్‌లో ఏది తీసుకున్నా 18 శాతం విడిగా. టికెట్టు కొన్నప్పుడు కంటికి ఆనని ఇంత మొత్తం చివర్లో బిల్లుగా వస్తే కడుపు మండుతుంది. ఆ మంటని నేను తప్పు పట్టను. దాన్ని తీసుకెళ్లి ఎవరి మీద పోస్తున్నామన్నదే నా పేచీ.

మనలో చట్టం తెలిసినవాళ్లు ఇక్కడో పాయింటు లాగుతారు. రెస్టారెంట్లు సర్వీస్ చార్జీ దానంతటదే బిల్లులో వేయకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది కదా, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది కదా, హైదరాబాద్‌లో వద్దనగలిగినదాన్ని ఓడలో ఎందుకు మొయ్యాలి అని. మంచి ప్రశ్నే. కానీ హైదరాబాద్ రెస్టారెంట్‌లో మీరు సర్వీస్ చార్జీ కట్టినా మానినా సర్వర్‌కి రాష్ట్రం నిర్ణయించిన కనీస వేతనం ఒకటుంది. అమలు సంగతి దేవుడెరుగు, అడగడానికి ఒక కార్మిక శాఖ కార్యాలయమంటూ ఉంది. ఓడ మీద వెయిటర్ ఏ ఆఫీసుకి పోతాడు? రాయల్ కరీబియన్ నమోదైంది లైబీరియాలో. నార్వేజియన్ క్రూజ్ లైన్ మాతృసంస్థ బెర్ముడాలో. కార్నివాల్ ఏళ్ల తరబడి పనామా కంపెనీ. వీటి ప్రధాన కార్యాలయాలు మాత్రం మయామీ చుట్టుపక్కలే. ఓడల మీద ఎగిరేవి ఎక్కువగా బహామాస్, పనామా జెండాలు. అమెరికా జెండా లేని ఓడల్లో పనిచేసేవారికి అమెరికా కనీస వేతన చట్టం వర్తించదని ఆ చట్టంలోనే రాసి ఉంది. గాల్వెస్టన్‌లో ఎక్కి గాల్వెస్టన్‌లో దిగే మనకి అది అమెరికా ఓడలాగే ఉంటుంది, పక్క దుప్పట్లు సర్దేవాడికి కాదు.

అతనికి దిక్కు 2013లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం. 2015లో మన దేశం కూడా దానికి ఆమోదం తెలిపింది. మంచిదే, లేనిదానికంటే నయం. కానీ అది విశ్రాంతికి పెట్టిన కనీస హద్దు వారానికి 77 గంటలు. వారంలో గంటలు 168. విశ్రాంతి లెక్క పాటించే ఓడలో ఒక మనిషి చేత 91 గంటలు పని చేయించినా ఆ హద్దు దాటినట్టు కాదు. కాంట్రాక్టు ఆరు నెలల నుంచి తొమ్మిది నెలలు. అన్నాళ్లూ ఆదివారమన్నది ఉండదు.

ఇక "మనమే చేతికిద్దాం" అన్న మాట. ఎవరి చేతికి? మన కుటుంబాలు ఓడెక్కిన మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి ఇండియన్ ఫుడ్ కావాలంటాయి. రెండో రాత్రి నుంచి మెనూలో లేని పప్పూ, కూరా, పెరుగన్నం బల్ల మీదికొస్తాయి. పచ్చిమిరపకాయలు విడిగా గిన్నెలో వస్తాయి. తెచ్చిపెట్టిన వెయిటర్ పేరు మనకి మూడో రోజుకల్లా నోటికొస్తుంది. చివరి రోజు కవరు అతనికి అందుతుంది. ఆ పప్పు తిరగమోత పెట్టిన మనిషి కింది అంతస్తు వంటశాలలో ఉంటాడు. అతన్ని మనం చూడం, చూసే దారీ లేదు. తువ్వాళ్లు ఉతికేవాళ్లు ఇంకా కింద. చాలా ఓడల్లో సిబ్బంది తిరిగే పొడవాటి నడవాని వాళ్లు ఐ-95 అంటారు, అమెరికా తూర్పు తీరాన పోయే హైవే పేరు మీద. సరుకు ట్రాలీలు, లాండ్రీ మూటలు, డ్యూటీ మారే జనం అందులోంచే పోతారు. ప్రయాణికుల అంతస్తులకి ఒక్క తలుపు అవతల ఉండే ఆ లోకానికి మన కవర్లు చేరవు. రోజుకు 18.50 చేరుతుంది. ఎందుకంటే రాయల్ కరీబియన్ చెప్పే లెక్క ప్రకారమే ఆ సొమ్ము వడ్డించేవాళ్లకీ, గదులు సర్దేవాళ్లకీ, వంటవాళ్లకీ, కనబడకుండా పనిచేసే మిగతా విభాగాలకీ పంచుతారు.

ఇంకో సంగతి కూడా ఉంది. గ్రాట్యుటీ తీయించేసిన ప్రయాణికుడు చేతికిచ్చిన నగదుని సిబ్బంది ఉమ్మడి ఖాతాలో జమ చేయాలని కొన్ని కంపెనీల్లో నియమం. అంటే మీరు 518 తీయించి, నచ్చిన ఇద్దరికి తలా 60 ఇచ్చి దాతలమనుకుంటూ దిగిపోతారు. ఆ 120 కూడా ఆ ఇద్దరి జేబులోనే ఉంటుందన్న భరోసా లేదు. మిగిలిన 398 మీ జేబులో. మెచ్చుకోలు పేరుతో జరిగిన ఈ బేరంలో లాభపడింది ఎవరో చెప్పక్కర్లేదు.

"వాళ్ల దేశంలో అది పెద్ద జీతమేనండీ" అనే మాట నాకు అన్నింటికంటే ఒళ్లు మండిస్తుంది. ఫిలిప్పీన్స్‌లోనో ఇండోనేషియాలోనో గోవాలోనో ఇంటి దగ్గర వచ్చేదానికంటే ఎక్కువే వస్తోందిగా అని. ఈ మాట అనేది ఎవరు? హెచ్-1బీ మీద వచ్చిన మనం. అమెరికాలో ఆ పనికి ఆ ప్రాంతంలో నడుస్తున్న వేతనం కంటే తక్కువ ఇవ్వడానికి వీల్లేదని హెచ్-1బీ చట్టంలోనే ఉంది. "హైదరాబాద్‌లో నీకు ఇందులో సగం కూడా రాదు, దీంతో సరిపెట్టుకో" అని మన మేనేజరు అంటే ఊరుకుంటామా? లాయర్ నంబరు వెతుకుతాం. పుట్టిన ఊరిని బట్టి జీతం కట్టకూడదన్న న్యాయం మనకి ఒకలాగా, మన పక్క సర్దేవాడికి ఇంకోలాగా ఉండదు.

టిప్పు చేతిలో ఉంటేనే పని బాగా చేస్తారన్న నమ్మకం ఒకటుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లిన్ అనే ఆచార్యుడు దశాబ్దాల పాటు టిప్పుల మీదే పరిశోధన చేశాడు. సేవ ఎంత బాగుందన్నదానికీ, బల్ల మీద ఎంత వదిలారన్నదానికీ ఉన్న సంబంధం చాలా పల్చనిదని తేల్చాడు. మనుషులు అలవాటు కొద్దీ ఇస్తారు, మొహమాటానికి ఇస్తారు, పక్కవాళ్లు చూస్తున్నారని ఇస్తారు. మొదటి రోజే గది సర్దేవాడి చేతిలో 20 పెడితే వారమంతా రాజభోగమని చెప్పే పెద్దలు కూడా మనలో ఉన్నారు. దానికి మన ఊళ్లో వేరే పేరుంది, ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాడికీ ఆ పేరు తెలుసు.

టిప్పుల మీద జీతాలు నడిపే పద్ధతి అమెరికాలో ఎలా పాతుకుపోయిందో చూస్తే, దాన్ని మర్యాద అనబుద్ధి కాదు. అంతర్యుద్ధం అయ్యాక జార్జ్ పుల్‌మన్ తన స్లీపర్ రైలు పెట్టెల్లో, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లని పోర్టర్లుగా పెట్టుకున్నాడు. కొద్దిపాటి జీతం తనిచ్చి, మిగతాది ప్రయాణికుల దయకి వదిలేశాడు. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో వాళ్లు యూనియన్ కట్టారు. కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించడానికి 1937 దాకా పట్టింది. రెస్టారెంట్లలో ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. టిప్పులు తీసుకునేవారికి యజమాని ఇవ్వాల్సిన ఫెడరల్ కనీసం గంటకు 2.13 డాలర్లే, 1991 నుంచీ. ఆ పద్ధతే ఓడెక్కి, ఏ దేశపు చట్టానికీ సరిగ్గా చిక్కని చోటికి చేరింది.

మార్చలేనిదేం కాదు. బ్రిటన్‌లోని పీ అండ్ ఓ క్రూజెస్‌ సంగతే చూడండి. ఆ ఓడల్లో కొందరి మూలవేతనం గంటకు 75 పెన్నీలని 2012లో గార్డియన్ పత్రిక రాస్తే అక్కడ పెద్ద గొడవైంది. అదే కంపెనీ 2019 మే నుంచి రోజువారీ టిప్పు వసూలు మానేసి టికెట్టులోనే కలిపేసింది. ఓడలు మునిగిపోలేదు, వడ్డన ఆగిపోలేదు. రీజెంట్ సెవెన్ సీస్, సీబోర్న్ లాంటి ఖరీదైన ఓడల్లో ఎప్పట్నుంచో టిప్పులు టికెట్టులోనే ఉంటాయి. ఎక్కువ డబ్బు పెట్టేవాడికి ఈ తలనొప్పి లేకుండా చేసి, మధ్యతరగతి ప్రయాణికుడికీ గది సర్దేవాడికీ మధ్య తగువు పెట్టారన్నమాట.

"మేం కట్టుకుంటూ పోతే కంపెనీ ఎప్పటికీ మారదు కదా" అనేవాళ్ల వాదన మాత్రం తీసిపారేయదగ్గది కాదు. నిజమే, మారకపోవచ్చు. కానీ తీయిస్తే కంపెనీకి తగిలేదెంత? టికెట్టు డబ్బు ఎప్పుడో ముట్టింది. కాంట్రాక్టులో కనీస మొత్తానికి హామీ ఉన్నచోట కంపెనీ కొంత పూడుస్తుందేమో, ఆ పైన పోయేదంతా పనివాడి వాటాలోంచే. 2024లో రాయల్ కరీబియన్ నికర లాభం దాదాపు 290 కోట్ల డాలర్లు, కార్నివాల్‌ది దాదాపు 190 కోట్లు. మీరు తీయించిన 518 ఆ లెక్కల్లో ఎక్కడా కనబడదు. కంపెనీకి తగలాలంటే టికెట్టు కొనేటప్పుడే తగలాలి. టిప్పులు కలిపి చెప్పే కంపెనీకి బుకింగ్ ఇవ్వండి. విడిగా వేసే కంపెనీకి ఎందుకు వెళ్లలేదో ట్రావెల్ ఏజెంటుకి చెప్పండి, ప్రయాణం తర్వాత వచ్చే సర్వేలో రాయండి. ఇరవై కుటుంబాల తెలుగు సంఘం గుంపుగా గదులు తీసుకునేటప్పుడు ఏజెంటు దగ్గర మాటకి విలువుంటుంది. బార్ కూపన్ల కోసం, పార్టీ హాలు కోసం చేసే బేరంలో పదో వంతు దీనికి చేసినా చాలు.

మరి పైన అదనంగా ఇవ్వాలా అని అడుగుతారు. అక్కర్లేదు. గ్రాట్యుటీ అలాగే ఉంచితే మీరు ఎవరికీ బాకీ లేరు, తల దించుకుని దిగాల్సిన పని లేదు. ఇవ్వాలనిపిస్తే, అమ్మమ్మకి చక్రాల కుర్చీ పట్టుకుని తిప్పినవాడికో, పిల్లకి వేరుశనగ పడదని ప్రతి పూటా గుర్తుపెట్టుకుని అడిగినవాడికో దిగే ముందు నగదు ఇవ్వండి. పేరు రాసుకుని సర్వేలో ఆ పేరు పెట్టండి. వచ్చే కాంట్రాక్టులో, ప్రమోషన్‌లో అది 20 డాలర్ల కంటే ఎక్కువ పనికొస్తుంది. అది అసలైన టిప్పు, అది మీ ఇష్టం.

వాట్సాప్‌లో ఆ సందేశం మళ్లీ వస్తే బొటనవేలు పెట్టకుండా రెండు ముక్కలు రాయండి. టికెట్టు ధర చూసుకునేటప్పుడే మనిషికి రోజుకు 18.50 కలుపుకుని చూసుకోమనండి. ఆ మొత్తం చేతికి అందకపోతే ఏడు రాత్రుల ఓడ మాని నాలుగు రాత్రుల ఓడ ఎక్కమనండి.