కాపీ అనకండి!

సైకిలు ట్యూబుకు పంక్చరు వేయడం మీరు చూసే ఉంటారు. నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు వచ్చే చోటు కనిపెట్టాక షాపు అతను ఏం చేస్తాడు? ట్యూబును తుడిచి, బాగా ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్దుతాడు. ఆ తర్వాతే సొల్యూషన్ రాస్తాడు. తడి మీద రాస్తే అతుకు నిలవదు. పలుచని నీటిపొర అడ్డుపడి రబ్బరునూ జిగురునూ కలవనివ్వదు.

మరి సముద్రపు రాళ్ళకు అంటుకుని ఉండే మస్సెల్ అనే ఆలుచిప్పల సంగతేమిటి? అవి ఉప్పునీటిలోనే అతుక్కుంటాయి! నాలుకలాంటి పాదాన్ని చాచి, రాతికి అదిమి, ద్రవరూపంలో ప్రోటీన్లను వదులుతాయి. కొద్ది నిమిషాల్లో అది గట్టి దారమవుతుంది. ఆ ప్రోటీన్లలో ఒకదానిలో డోపా అనే ఎమినో ఆమ్లం ఉన్నదని 1981లో వెయిట్, టాంజర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మన శరీరంలోనూ ఉండే టైరోసిన్‌కు ఇంకొక హైడ్రాక్సిల్ సమూహం చేరితే అదే డోపా. పక్కపక్కనే ఉన్న ఆ రెండు సమూహాలూ నీటి అణువులను తప్పించి రాతిని పట్టుకుంటాయి.

ఇంతవరకు చెప్పగానే తరగతిలో ఎవరో ఒకరు, "అయితే శాస్త్రజ్ఞులు దాన్ని కాపీ కొట్టేశారా, మాస్టారూ?" అంటారు. పత్రికలు కూడా అలాగే రాస్తాయి. నేను ఒప్పుకోను.

ప్లైవుడ్ పలకలను అతికే జిగురులో ఫార్మాల్డిహైడ్ వాడతారు. మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాలలో దానిని 2004లో చేర్చారు. పీల్చేది ఎవరు? ఫ్యాక్టరీ కూలీలు, వడ్రంగులు. పోనీ, మస్సెల్ జిగురే వాడదామంటే ఒక్క గ్రాము ప్రోటీన్‌కు సుమారు 10,000 మస్సెల్‌లు కావాలి!

అమెరికాలోని ఆరెగన్ తీరంలో అలల తాకిడికి చలించని మస్సెల్‌లను చూసిన కైచాంగ్ లీ అనే ఆచార్యుడు చవకైన సోయాపిండిని తీసుకున్నాడు. సోయా జిగురు పాతదే, తడిస్తే ఊడిపోయేది. కాగితం తడిసినా చిరగకుండా కలిపే ఒక రెసిన్‌ను అందులో చేర్చాడు. ఫార్మాల్డిహైడ్ కలపని ఆ జిగురుతో ప్లైవుడ్ తయారై బజారులోకి వచ్చింది. 2007లో దానికి అమెరికా హరిత రసాయనశాస్త్ర పురస్కారం కూడా లభించింది.

ఇందులో మస్సెల్ ఎక్కడుంది? డోపా ఎక్కడుంది? వెతికినా దొరకవు. "మస్సెల్ ప్రోటీన్ నీళ్ళలో పట్టు విడవనప్పుడు, సోయా ప్రోటీన్ ఎందుకు విడవాలి?" అన్న ప్రశ్న ఒక్కటే సముద్రం నుంచి వచ్చింది. నన్ను మార్కులు వేయమంటే ఆ ప్రశ్నకే సగం వేస్తాను.