వానలో బండి... భయం వీడేదెలా?

‘‘మొగులు పట్టింది. పైలం బిడ్డా... మెల్లగ పో!’’

జుక్కల్‌లో వానాకాలం వచ్చిందంటే ప్రతి గడపలో వినిపించే మాటే ఇది. బండి తీసే కొడుక్కి తల్లి చెబుతుంది. బడికి బయల్దేరే టీచరమ్మకు పక్కింటి పెద్దమ్మ చెబుతుంది. చెప్పడం తేలికే. ‘మెల్లగా’ అంటే ఎంత మెల్లగా, ‘పైలం’ అంటే ఏం చేయాలి... అన్నది మాత్రం ఎవరూ విడమరచి చెప్పరు.

ఓ కుర్రాణ్ని తీసుకుందాం. పేరు ఏదైతేనేం, ఇలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వందసీసీ బండి నేర్చుకుని ఏడాదైంది. తొలకరి పడిన సాయంత్రం తల్లిని వెనక కూర్చోబెట్టుకుని బిచ్కుంద నుంచి ఇంటికి వస్తున్నాడు. రోడ్డుకు అడ్డంగా గేదె వచ్చింది. గాభరాగా ముందు బ్రేకు పట్టేశాడు. అంతే! బండి ఒకవైపు, ఇద్దరూ మరోవైపు. దెబ్బలు పెద్దవేం కావు. తల్లి మోచెయ్యి గీరుకుపోయింది, కొడుకు మోకాలు వాచింది. కానీ ఆ రోజు నుంచీ మబ్బు కనిపిస్తే చాలు, అతడి చేతులు బిగుసుకుపోతున్నాయి. తల్లి ఏమీ అనలేదు. చిన్న పని ఉన్నా బస్సు కోసం చూస్తోంది. ఆమె తన బండి ఎక్కకపోవడమే కొడుక్కి మోకాలి దెబ్బకన్నా ఎక్కువ నొప్పిగా ఉంది.

పోయిన ధైర్యం మళ్లీ వస్తుందా? వస్తుంది. కాకపోతే గుండె చిక్కబట్టుకుంటే వచ్చేది కాదు. ఎందుకు జారిందో తెలుసుకుని, కొద్దికొద్దిగా సాధన చేస్తే వస్తుంది.

బండి ఎందుకు జారుతుంది?

బండికీ రోడ్డుకూ ఉన్న చుట్టరికమంతా రెండు టైర్ల కింద ఉండే అరచేతి వెడల్పు జాగాలోనే. పొడిరోడ్డు మీద ఆ కాస్త జాగా గట్టిగా పట్టుకుంటుంది. తడిస్తే పట్టు బాగా తగ్గిపోతుంది.

అన్నిటికన్నా ప్రమాదం తొలివాన. ఎండాకాలమంతా రోడ్డు మీద దుమ్ము, వాహనాల నుంచి కారిన ఆయిలు, అరిగిన టైర్ల రబ్బరు పేరుకుపోయి ఉంటాయి. నాలుగు చినుకులు పడగానే అదంతా పైకి తేలి జిడ్డుపొరలా మారుతుంది. బాగా కురిస్తే కొట్టుకుపోతుంది. అందుకే వాన మొదలైన మొదటి అరగంట ఆగగలిగితే సగం ప్రమాదం తప్పినట్లే.

జుక్కల్, మద్నూరు, బిచ్కుంద ప్రాంతాల్లో దీనికి తోడు మరొకటుంది... నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, బంకలా మారే నేల ఇది. పొలం నుంచి ట్రాక్టరు రోడ్డెక్కిందంటే చక్రాలకు అంటిన మట్టంతా తారు మీద రాలుతుంది. దాని మీద చినుకు పడితే సబ్బు రాసినట్లే! పొలం బాటలు రోడ్డును కలిసే ప్రతిచోటా ముందే వేగం తగ్గించడం స్థానికులు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం.

పెసర, మినుము కోతకొచ్చేది వానలు పూర్తిగా వెళ్లకముందే. ఆ తర్వాత సోయా. కల్లాలు లేనివాళ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. కుప్పలు ఎత్తేశాక మిగిలే పొట్టు, కాడలు తడిస్తే టైరు కింద నిలవవు. కల్వర్టుల దగ్గరి ఇనుప పలకలు, స్పీడ్ బ్రేకర్ల మీద వేసిన తెల్లరంగు గీతలూ అంతే. వీటి మీద బ్రేకు వేయకూడదు, బండి వంచకూడదు. నిటారుగా, ఒకే వేగంతో దాటిపోవాలి.

లెక్క చూస్తే...

గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. అడ్డంగా వచ్చిన గేదెను చూసి, మెదడు గ్రహించి, చెయ్యి బ్రేకు మీదికి వెళ్లేసరికే ఒక సెకను గడుస్తుంది. అంటే బ్రేకు పడకముందే బండి 11 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ తర్వాత పొడిరోడ్డు మీద ఆగడానికి సుమారు 9 మీటర్లు పడితే, తడిరోడ్డు మీద 15 మీటర్ల దాకా పట్టొచ్చు. మొత్తం 26 మీటర్లు!

అదే 20 కిలోమీటర్ల వేగంలో ఉంటే తడిలో కూడా పది మీటర్లలోపే ఆగొచ్చు. వేగం సగమైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగో వంతుకు పడిపోతుంది. ‘మెల్లగ పో’ అన్న అమ్మ మాటలో ఉన్న లెక్క ఇదే.

ముందు వెళ్లే వాహనానికి దూరం కూడా అలాగే. అది ఏదైనా చెట్టునో, కిలోమీటరు రాయినో దాటగానే ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అని నిదానంగా లెక్కపెట్టాలి. నాలుగు సెకన్లలోపే మీరు అక్కడికి చేరితే బాగా దగ్గరగా వెళుతున్నట్లే.

బ్రేకు... పట్టేది కాదు, పిండేది

ఆ కుర్రాడు చేసిన తప్పు ముందు బ్రేకు వాడటం కాదు, ఒక్కసారిగా పట్టేయడం. తడిలో ముందు చక్రం తిరగకుండా బిగుసుకుంటే హ్యాండిల్ మన మాట వినదు. ఆ భయంతో కొందరు వెనక బ్రేకు ఒక్కటే తొక్కుతారు. అప్పుడు బండి చాలా దూరం వెళ్లి ఆగుతుంది, లేదా వెనక చక్రం పక్కకు ఈడుస్తుంది. రెండు బ్రేకులూ కలిపి, తడిబట్టను పిండినట్లు కొద్దికొద్దిగా బలం పెంచాలి. ముందు ఆక్సిలేటరు వదిలి, గేరు తగ్గిస్తే ఇంజినే కొంత వేగాన్ని తగ్గిస్తుంది. చక్రం జారుతున్నట్లు అనిపిస్తే బ్రేకును కాస్త వదిలి మళ్లీ నెమ్మదిగా నొక్కాలి. బ్రేకు పనంతా మలుపుకు ముందే అయిపోవాలి, మలుపులో కాదు.

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అమ్మే 125 సీసీలోపు కొత్త బండ్లలో కాంబీ బ్రేకు తప్పనిసరి చేశారు. ఒక బ్రేకు వేస్తే రెండో చక్రానికీ కొంత పడుతుంది. అంతకుముందు కొన్న బండ్లలో చాలావాటికి ఈ సదుపాయం ఉండదు. ఇంట్లో నాన్న బండి, కొడుకు బండి వేర్వేరు రకాలైతే ఆ తేడా తెలుసుకునే నడపాలి. డ్రమ్ బ్రేకుల్లోకి నీళ్లు వెళ్తే కాసేపు పట్టవు. నీళ్లలోంచి బయటికి రాగానే మెల్లగా వెళుతూ రెండు మూడుసార్లు బ్రేకును తేలిగ్గా నొక్కితే ఆ వేడికి తడి ఆరిపోతుంది.

సాధన ఇలా...

మొదటి అడుగు: ఆదివారం పొద్దున ఏదైనా ఖాళీ మైదానానికి వెళ్లండి. నేల పొడిగా ఉండాలి. ఒకచోట చెప్పు గుర్తుగా పెట్టి, 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి అక్కడ బ్రేకు వేయండి. బండి ఎక్కడ ఆగిందో అడుగులతో కొలవండి. పదిసార్లు చేయండి.

రెండో అడుగు: వాన వెలిశాక, గట్టినేల తడిగా ఉన్నప్పుడు అదే పని. ఎన్ని అడుగులు పెరిగాయో చూడండి. తడి అంటే ఏమిటో చెవులతో వినడం కాదు, చేతులకు తెలియాలి.

మూడో అడుగు: సన్నటి తుంపరలో, పగటిపూట, బాగా తెలిసిన రోడ్డు మీద ఒక్కరే రెండు మూడు కిలోమీటర్లు. భుజాలు వదులుగా ఉంచాలి. హ్యాండిల్‌ను గట్టిగా బిగిస్తే చిన్న జారుడు కూడా పెద్దదవుతుంది. గుంత వైపు చూస్తే బండి గుంతలోకే వెళుతుంది. వెళ్లాల్సిన దారి వైపు చూడాలి.

నాలుగో అడుగు: వెనక మనిషితో. బరువు పెరిగితే బండి తీరే మారుతుంది. చీరతో ఒకవైపు కూర్చుంటే బరువు ఆ పక్కకే ఉంటుంది. కొంగు చక్రంలో పడకుండా దోపుకోవాలి. గొడుగు మాత్రం వద్దే వద్దు. గాలికి గొడుగు తిరగబడితే కూర్చున్నవారిని వెనక్కి లాగేస్తుంది. రెయిన్‌కోటు చాలు. అది కూడా అంచులు వేలాడకుండా చూసుకోవాలి.

ఒక అడుగు విసుగు పుట్టేంత తేలికయ్యాకే రెండోదానికి వెళ్లాలి. వారమా, నెలా అన్నది ముఖ్యం కాదు.

బండికీ వైద్యం

మనిషికి ధైర్యం వచ్చినా టైరు అరిగిపోతే లాభం లేదు. టైరు గాడుల అడుగున చిన్న బొడిపెలు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే మార్చేయాల్సిందే. గాడులే నీటిని పక్కకు నెట్టేది. గాలి ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, అంతే పట్టించాలి. వానలకు ముందే బ్రేకులు, లైట్లు, హారన్ చూపించుకోవాలి. తడిసిన గొలుసు ఆరాక ఆయిలు వేయాలి.

హెల్మెట్ వెనక కూర్చున్నవారికీ తప్పనిసరేనని చట్టం చెబుతోంది. ఐఎస్‌ఐ గుర్తు ఉన్నది తీసుకుని, తాడు బిగించుకోవాలి. వానలో నల్ల అద్దం వద్దు. తెల్ల అద్దం ఆవిరి పడితే కాస్త పైకెత్తుకోవాలి.

ఆగడమూ నేర్పే!

ఎంత నేర్పు ఉన్నా కొన్నిచోట్ల పనికిరాదు. కౌలాస్ నాలా, మంజీర పరీవాహకంలో వాన కురిసేది ఒకచోట, నీళ్లు వచ్చేది మరోచోట. 2025 ఆగస్టు చివరిలో కామారెడ్డి జిల్లాలో కుండపోత కురిసినప్పుడు రోడ్లే కాదు, రైలు పట్టాల కింది కట్టలూ కొట్టుకుపోయాయి. వేగంగా పారే నీరు ఆరు అంగుళాల లోతున్నా మనిషిని పడేయగలదని, అడుగు లోతుంటే చిన్న కారును కూడా తోసేయగలదని అమెరికా జాతీయ వాతావరణ సంస్థ ఏళ్లుగా హెచ్చరిస్తోంది. బండి ఎంత? కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే, అడుగున రోడ్డు ఉందో లేదో పైనుంచి తెలియదు. ‘రోజూ పోయే తొవ్వే కదా’ అనుకోవద్దు.

ఉరుములు వినిపిస్తుంటే చెట్టు కింద నిలబడకూడదు. బండికి రబ్బరు టైర్లున్నాయి, పిడుగు ఏం చేయదనుకోవడం భ్రమ. దగ్గర్లోని బడిలోనో, ఇంట్లోనో తలదాచుకోవాలి.

ఇందులో ఇంట్లోవాళ్ల పాత్ర కూడా ఉంది. వాన మొదలవగానే ‘ఏడున్నవ్? జల్ది రా’ అని నాలుగుసార్లు ఫోన్ చేస్తే నడిపేవాడి చెయ్యి ఆక్సిలేటరు మీద బిగుసుకుంటుంది. ‘తగ్గినంక రా, బువ్వ మూతపెట్టి ఉంచుతా’ అంటే... ఆ ఒక్క మాట ఎన్ని జాగ్రత్తలకైనా సమానం.

మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికి వస్తే... మైదానంలో చెప్పులు పెట్టి బ్రేకులు వేసినప్పుడు దోస్తులు నవ్వారు. అతడు మానలేదు. నెల గడిచింది. ఓ ముసురు రోజు తల్లే వచ్చి ‘‘బస్సు ఎప్పుడొస్తదో ఏమో, నువ్వే తీస్కపో’’ అంది. ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకున్నారు. పొలం బాట కలిసేచోట వేగం తగ్గింది. మలుపుకు ముందే గేరు మారింది. తల్లి చెయ్యి మొదట అతడి భుజాన్ని గట్టిగా పట్టుకుంది, తర్వాత వదులైంది.

దారిలో వాన పెద్దదైంది. ముందున్న కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయి. ఇద్దరు ముగ్గురు బండ్లతో దాటుతున్నారు కూడా. అతడు బండి వెనక్కి తిప్పి, ఊరి చివర హోటల్ రేకుల కింద ఆపాడు.

‘‘ఏమైంది బిడ్డా, భయమైందా?’’

‘‘లేదమ్మా. నీళ్లు తగ్గినంక పోదాం. చాయ్ తాగుదువా?’’

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది. బండి నేర్చుకోవడం ఆ రోజుకు పూర్తయింది!